గడియారాలాయన మేక

మేకల కొట్టం,
మార్చి 22

వదినా,

ఫోన్‌లో చెబుదామనుకున్నాను గానీ, మీ తమ్ముడు స్పీకరు పెట్టించి నేను చెప్పే ప్రతి మాటకీ పక్కనుంచి సవరణ చెబుతారు. అందుకే ఉత్తరం. కాగితం మీద మరకలు కనిపిస్తే పాలవి అనుకోండి, కన్నీళ్ళవి కావు. మూడు వారాలుగా నా కాళ్ళు నేలమీద ఆనడం లేదు.

పెద్దమ్మి ఈనింది. కవల ఆడపిల్లలు. తొమ్మిదేళ్ళుగా పోటీల్లో నా పేరు నిలబెట్టిన మేక, ఇన్నేళ్ళూ పోతుపిల్లల్నే కని నన్ను ఉసూరుమనిపించిన మేక, ఆఖరికి ఆడపిల్లల్ని కన్నది. ఆఖరికి అని ఎందుకన్నానంటే, ఇక దీనికి కానుపులు వద్దని పశువుల డాక్టరు ఖచ్చితంగా చెప్పేశారు. పెద్దమ్మి వంశం నిలవాలంటే ఈ ఇద్దరు కూతుళ్ళే దిక్కు.

పెద్దపిల్ల పుట్టిన పది నిమిషాల్లో లేచి నిలబడి, మేమంతా ఆలస్యంగా వచ్చినట్టు మావైపు చూసింది. దానికి దొరసాని అని పేరు పెట్టాను. వీపు బల్లపరుపుగా ఉంది, మీద టీకప్పు పెట్టినా తొణకదు. రెండోదానికి కడుపులో చోటు చాలక ముందుకాళ్ళు ముడుచుకుపోయాయి. మోకాళ్ళ మీద నడుస్తోంది. అది వంకరి. కాళ్ళు తిన్నగా అవ్వచ్చు, కాకపోవచ్చు అన్నారు డాక్టరు.

నిన్న వంకరి అమ్ముడుపోయింది. ఎలాగో వినండి. పోతుపిల్ల కోసం ఒకాయన వచ్చాడు, తోడుగా ఒక స్నేహితుణ్ణి తెచ్చుకున్నాడు. ఆ స్నేహితుడు గడియారాలు బాగుచేస్తాడట. ముక్కాలిపీట మీద కూర్చున్నాడో లేదో, వంకరి దేక్కుంటూ వెళ్ళి ఆయన బూట్ల మీద తల పెట్టి నిద్రపోయింది. గంటసేపు మనిషి కదల్లేదు. స్నేహితుడు రమ్మంటే, "నిద్రలో ఉన్నారు కదండీ" అన్నాడు. చివరికి ఆ పిల్లనే కొనేశాడు. పోటీకి పనికిరాదని చెప్పాను. "నేనూ పనికిరాను" అన్నాడు.

అందరి దగ్గరా రాయించుకున్నట్టే ఆయన దగ్గరా కాగితం రాయించుకున్నాను. ఏడాదిలోపు నేను ఎప్పుడడిగినా పిల్లని వెనక్కి ఇచ్చెయ్యాలి. ఇప్పుడు అసలు సంగతి. ఆయన కొట్టు మీ సెలూన్‌కి రెండు వీధుల అవతలే. ఒక్కసారి వెళ్ళి పిల్ల ఎలా ఉందో చూసి రాయండి. మీకు మేకలంటే భయమని తెలుసు. దీనికి మూడు వారాలే, పైగా కాళ్ళు లేవవు. మిమ్మల్ని తరిమే అవకాశం లేదు.

మీ మరదలు


సెలూన్ పై గది,
ఏప్రిల్ 14

మరదలు పిల్లా,

వెళ్ళాను. నీ కోసం వెళ్ళాను, గుర్తుపెట్టుకో.

కొట్టు నిండా గడియారాలు, ఒక్కటీ ఇంకోదానితో ఏకీభవించదు. నేను లోపలికి వెళ్ళినప్పుడు నాలుగింబావు, పదకొండు, ఆరున్నర. ఆ మనిషి కంటికి పెట్టుకునే భూతద్దాన్ని నుదుటిమీదికి నెట్టుకుని, అది ఎక్కడుందో తెలియక బల్లంతా వెతుకుతున్నాడు. "నెత్తిన ఉంది" అన్నాను. మా పరిచయం అదీ.

వెనక చిన్న పెరడు ఉంది. గడ్డి పరిచాడు, రేకు పందిరి వేశాడు, నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. మేక కాళ్ళకి ఏవో కట్లు కనిపించాయి. ఏమిటని అడిగితే గొడుగు ఊచలు ముక్కలు చేసి, చేతిగడియారం తోలు పట్టీలతో బిగించానన్నాడు. ప్రతి మూడు రోజులకీ ఒక్కో రంధ్రం బిగిస్తాడట. నీ డాక్టరుని అడిగి చేశాడట కూడా. పొద్దున ఆరింటికి ఠంచనుగా అరుస్తోందని దానికి అలారం అని పేరు పెట్టుకున్నాడు. ఆ కొట్టు మొత్తానికి సరైన టైము చెప్పేది అదొక్కటే.

మేకకి ఇబ్బందేమీ లేదు. మనిషే నాకు నచ్చలేదు. మేకతో మీరు అని మాట్లాడతాడు. "కాస్త పక్కకి జరుగుతారా" అంటే అది జరుగుతుంది. జుట్టు చెవుల మీద పడి, వెనక పిచిక గూడులా ఉంది. చూస్తుంటే నా చేతులు దురదపెట్టాయి.

చెప్పిన పని అయింది. ఇక నన్ను పంపకు. నా స్కార్ఫు కొసని ఆ అలారం నమిలేసింది.

నీ వదిన


మేకల కొట్టం,
మే 20

వదినా,

నమిలింది అంటే ఆకలి బాగుందన్నమాట. నాకు అంతకంటే మంచి కబురు ఏముంటుంది? స్కార్ఫు నేను కొనిపెడతాను.

ఇక్కడ దొరసాని మహారాణిలా పెరుగుతోంది. మెడకి పట్టీ వేసి, తల ఎత్తి నడవడం నేర్పుతున్నాను. నేర్పుతున్నది నేనా, అదా అని మీ తమ్ముడికి అనుమానం. నిన్న అది నన్ను కొట్టం చుట్టూ రెండుసార్లు తిప్పి, నీళ్ళతొట్టిలోకి తోసి, జడ్జి కోసం నిలబడ్డట్టు నిలబడింది. నేను తొట్టిలోంచే చప్పట్లు కొట్టాను. అక్టోబరు పోటీలో ఏడాదిలోపు ఆడపిల్లల వరసలో దీన్ని నిలబెడతాను. అది గెలిస్తే పెద్దమ్మి వంశం కోసం పెంపకందార్లు గుమ్మం ముందు వరస కడతారు. గెలవకపోతే ఏమవుతుందో నేను ఆలోచించడం లేదు. ఆలోచించడం మీ తమ్ముడి పని, ఆయనే చూసుకుంటారు.

ఇంకొక్క చిన్న పని, వదినా. ఆ గడియారాలాయనకి గిట్టలు కత్తిరించడం వచ్చా? ఆరు వారాలకోసారైనా సవరించకపోతే పెరిగి మడతపడతాయి, వంకర కాళ్ళకి అది మరీ చేటు. గోళ్ళలాగే, పెద్ద కష్టం కాదు. కొద్దికొద్దిగా తీస్తూ, లోపల లేత గులాబీ రంగు కనబడగానే ఆగిపోవాలి. జీవితమంతా కత్తెర పట్టిన చెయ్యి మీది. ఒక్కసారి చూపించి రండి.

మీ మరదలు


సెలూన్ పై గది,
జూన్ 25

మరదలు పిల్లా,

చూపించాను. ఆయన పట్టుకున్నాడు, నేను కత్తిరించాను. మొదటి గిట్టకి నేను, అలారం ఇద్దరం అరిచాం. నాలుగోదానికి ఇద్దరం ఊరుకున్నాం. తర్వాత మీరు చెయ్యండని కత్తెర ఆయన చేతికిస్తే, చెయ్యి వణుకుతోందన్నాడు. గిట్ట అంటే ప్రాణం ఉన్నది కదా, గడియారం కాదు కదా అన్నాడు. నిజమే మరి. అందుకని వీలైనప్పుడల్లా ఆదివారాలు వెళ్ళి చూసి వస్తున్నాను. ఆదివారం సెలూన్ ఎలాగూ మూతే.

వెళ్ళినదాన్ని వెళ్ళినట్టే ఆయన జుట్టు కూడా కత్తిరించాను. పెరట్లో కుర్చీ వేసుకుని, మెడకి తువ్వాలు కట్టి. అంత జుట్టు కింద మెడ ఉంటుందని నేననుకోలేదు. చాలా తక్కువ మాట్లాడతాడు. మాట్లాడితే మాత్రం గంటదాకా నవ్వు ఆగదు. ఒకావిడ గోడగడియారం తెచ్చి, పదేళ్ళుగా అయిదు నిమిషాలు ముందు నడుస్తోందంటే, "ఈ పదేళ్ళలో మీరెక్కడికైనా ఆలస్యంగా వెళ్ళారా? మరి ఎందుకు బాగుచెయ్యడం?" అని తిప్పి పంపేశాడట. ఇలా అయితే కొట్టు ఎలా నడుస్తుంది చెప్పు. టీ బాగా పెడతాడు. అల్లం ఎక్కువ వేస్తాడు, చెబితే తగ్గించాడు.

మేక బాగానే ఉంది. మేకలాగే ఉంది.

దీనితోపాటు జుట్టు కత్తిరించే మిషను పంపుతున్నాను, నా దగ్గరున్న వాటిలో మంచిది. పోటీకి ముందు దొరసాని వెంట్రుకలు దీనితో తియ్యి. వెంట్రుక వాలుకి ఎదురుగా, చెయ్యి ఎత్తకుండా ఒకే గీతలా పోనివ్వాలి. అప్పుడే వీపు తిన్నగా కనిపిస్తుంది.

నీ వదిన


మేకల కొట్టం,
ఆగస్టు 9

వదినా,

మిషను చూసి మీ తమ్ముడు నోరు తెరిచారు. "మా అక్క చిన్నప్పుడు నాకు దువ్వెన కూడా ఇచ్చేది కాదు" అన్నారు. ఉన్నట్టుండి నామీద ఇంత ప్రేమ ఎందుకు పొంగిందో అర్థం కావడం లేదు. ముందు పెద్దమ్మి మీద ప్రయోగం చేశాను. ఇప్పుడది పాతికేళ్ళ పిల్లలా తిరుగుతోంది, నీళ్ళలో నీడ చూసుకుంటోంది.

అది సరే. మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో గడియారాలాయన మెడ గురించి ఉంది, టీ గురించి ఉంది, అల్లం గురించి ఉంది. మేక గురించి రెండు ముక్కలు. మేక మేకలా కాక ఒంటెలా ఉంటుందా వదినా? నేను అడిగేది సూటిగా అడుగుతున్నాను. కాళ్ళు ఎలా ఉన్నాయి?

పోటీ అక్టోబరు పదకొండున. మీరు రావాలి. దొరసాని గెలిచినప్పుడు నా పక్కన ఎగరడానికి ఒక మనిషి కావాలి. మీ తమ్ముడు ఎగిరితే నడుం పట్టేస్తుంది.

మీ మరదలు


సెలూన్ పై గది,
సెప్టెంబరు 2

మరదలు పిల్లా,

కాళ్ళు నాలుగూ ఉన్నాయి.

అక్టోబరు పదకొండున రాలేను. ఒక పెళ్ళికూతురి జుట్టు ఒప్పుకున్నాను. పొడుగు జుట్టు, రోజంతా పడుతుంది. దొరసానికి నా ఆశీస్సులు.

తొందరలో ఉన్నాను.

నీ వదిన


మేకల కొట్టం,
అక్టోబరు 12

గౌరవనీయులైన ఆడపడుచుగారికి,

నమస్కారాలు. తాము క్షేమమని తలుస్తాను. పెళ్ళికూతురి జుట్టు ఎలా కుదిరిందో తెలుసుకోవాలని ఉంది. ఎందుకంటే నిన్న పోటీ మైదానంలో, గడ్డిమోపుల వెనక, ఆకుపచ్చ టోపీ పెట్టుకుని నక్కి నక్కి చూస్తున్నావిడ అచ్చం తమలాగే ఉన్నారు. ఆ టోపీ నేను కొనిపెట్టినదే.

మా వరసలో పధ్నాలుగు పిల్లలు. జడ్జి తెల్లకోటు వేసుకున్న పెద్దావిడ. గుండ్రంగా నడవమన్నారు. దొరసాని బాగానే నడిచింది. నాకు నాలుగు మేకల ముందు ఇంకో మేక నడుస్తోంది. నేను ముందు దాని మొహం చూడలేదు, నడక చూశాను. వదినగారూ, ఆ నడక నాకు తొమ్మిదేళ్ళుగా తెలుసు. పెద్దమ్మి అలాగే నడుస్తుంది, కింద నేల తనకోసమే పరిచినట్టు. ముందుకాళ్ళు నిట్రాటల్లా ఉన్నాయి. పట్టీ పట్టుకున్న మనిషి జుట్టు చాలా చక్కగా కత్తిరించి ఉంది. మేకది కూడా, వాలుకి ఎదురుగా, చెయ్యి ఎత్తకుండా.

దొరసానికి మూడో స్థానం వచ్చింది. నడుము దగ్గర పల్లం ఉంది, వెనక కాళ్ళు దగ్గరగా పడుతున్నాయి అన్నారు జడ్జి. నిజమే. ప్రేమకొద్దీ నాకు కనిపించలేదు. మొదటి స్థానం అలారం. మైకులో తల్లి పేరు పెద్దమ్మి అన్నారు, పుట్టిన చోటు నా కొట్టం అన్నారు. మొదటి బహుమతికి నా పేరు మైదానమంతా మోగింది. నేను మూడో స్థానంలో నిలబడి చప్పట్లు కొట్టాను. నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో పక్కనున్న మేకకి కూడా తెలియలేదు.

పెద్దమ్మికి మిగిలిన సరైన కూతురు ఆ పిల్లే. కాగితం నా దగ్గర ఉంది. ఏడాది కాలేదు. వచ్చి తీసుకెళ్తాను.

ఇట్లు,
తమ తమ్ముడిగారి భార్య


సెలూన్ పై గది,
అక్టోబరు 15

మరదలు పిల్లా,

నువ్వు గారు పెట్టేసరికి కుర్చీలో కూలబడ్డాను. కుర్చీలో అప్పటికే ఒకాయన గడ్డం గీయించుకోవడానికి కూర్చుని ఉన్నాడు. పాపం, జరిగి చోటిచ్చాడు.

అన్నీ చెబుతాను. కాళ్ళు జూన్ కల్లా తిన్నగా అయిపోయాయి. నేను ఉత్తరం రాసిన రోజునే, కట్లు విప్పితే లేచి పెరడంతా పరుగెత్తింది. గోడెక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. మేమిద్దరం పిచ్చివాళ్ళలా దాని వెనక పరుగెత్తాం. ఇంటికొచ్చి నీకు రాయడానికి కూర్చున్నాను. కాళ్ళు వచ్చాయని రాస్తే నువ్వు రెక్కలు కట్టుకుని వచ్చి తీసుకుపోతావు. బాగాలేదని రాస్తే వైద్యం చేయించాలని తీసుకుపోతావు. అందుకే మేకలాగే ఉందని రాశాను. అంతకంటే తెలివైన అబద్ధం నాకు తట్టలేదు.

తీసుకుపోతే ఏమవుతుందంటావా? ఆదివారాలు పోతాయి. నలభై ఏడేళ్ళదాన్ని, ఊరందరి జుట్లూ సవరించి, వాళ్ళ పెళ్ళిళ్ళ కబుర్లు విని, మేడెక్కి తలుపేసుకుని హాయిగా ఉన్నదాన్ని. ఇప్పుడు శనివారం సాయంత్రం అయ్యేసరికి కత్తెరలకి పదును పెడుతూ పాటలు పాడుతున్నాను. ఆయనకేదో ఉందని నేననడం లేదు. ఆయన మేకని ఎంత మర్యాదగా చూస్తాడో నన్నూ అంతే మర్యాదగా చూస్తాడు. నేను వెళ్ళడానికి మాత్రం నాకు ఆ గిట్టలు కావాలి.

ఇందులో ఆయన తప్పు గోరంత లేదు. కొట్టుకి వచ్చినవాళ్ళు ఎవరో పోటీకి పెట్టమన్నారు, పెట్టాడు. నేను నీకు ఎప్పుడో చెప్పేశాననే అనుకున్నాడు. గెలిచాక నీకు చూపిద్దామని మేకని తీసుకుని మైదానమంతా వెతికాడు. అప్పటికే నువ్వు బండెక్కేశావు.

వచ్చి తీసుకెళ్ళు. నీ న్యాయం నీది. నన్ను గారు అనకు, అంతే.

నీ వదిన


మేకల కొట్టం,
నవంబరు 6

వదినా,

మూడు వారాలు మిమ్మల్ని ఏడిపించాలని ఉత్తరం రాయలేదు. దానికి క్షమించండి, కాకపోతే ఆ మూడు వారాలూ ఏడ్చింది నేనే. కొట్టానికి పెంపకందార్లు వస్తున్నారు, పెద్దమ్మి వంశంలో పిల్ల కావాలంటున్నారు, నా దగ్గర చూపించడానికి దొరసాని నడుము పల్లం తప్ప ఏమీ లేదు.

నిన్న ట్రాలీ కట్టుకుని మీ ఊరు వచ్చాను. మంగళవారం, మీరు సెలూన్‌లో ఉంటారని తెలిసే వచ్చాను. మీ మొహం చూస్తే నా కోపం నిలవదు.

ఆయన కాగితం పూర్తిగా చదివాడు. "అవునండీ, రాసిచ్చాను" అన్నాడు. లోపలికి వెళ్ళి దాని బ్రష్షు, దుప్పటి, తాగే గిన్నె అన్నీ సంచిలో సర్దాడు. "అలారంగారూ, వెళ్ళాలట" అన్నాడు. పట్టీ నా చేతికిస్తూ, "ఒక్క మనవి. మీ వదినగారికి మాత్రం మీరే చెప్పండి. నాకు ధైర్యం చాలదు" అన్నాడు.

నేను సంచి తీసుకోబోతుంటే అరలో చిన్న కత్తెర కనిపించింది. గిట్టల కత్తెర. చేత్తో చేసింది, పిడికి తోలు చుట్టి, ఎంత ముద్దుగా ఉందో. పక్కనే గిట్ట ఆకారంలో చెక్కిన కొయ్యముక్కలు, అన్నీ నున్నగా కత్తిరించి ఉన్నాయి.

"ఇదేమిటండీ, మీకు చేతులు వణుకుతాయన్నారు కదా" అన్నాను.

ఆయన మెడ దాకా ఎర్రబడ్డాడు. మీరు రాసింది నిజమే, మంచి మెడ. "మొదటివారమే వచ్చేసిందండీ. ఆవగింజంత చక్రాలు బిగించేవాణ్ణి, నాకు గిట్ట ఒక లెక్కా? కానీ వచ్చని చెబితే ఆవిడ రెండో ఆదివారం ఎందుకొస్తారు?"

వదినా, నేను ఆ పెరట్లో కూలబడి నవ్వడం మొదలుపెట్టాను. పక్కటెముకలు పట్టేశాయి. అలారం వచ్చి నా జేబులో మూతి పెట్టింది. ఆయన కంగారుపడి నీళ్ళు తెచ్చాడు. మీరు గిట్టల వంకన వెళ్తున్నారు, ఆయన గిట్టల వంకన రప్పించుకుంటున్నాడు, మధ్యలో ఆ అమాయకపు జీవి అయిదు నెలలుగా ఇద్దరికీ కాళ్ళు అప్పిస్తోంది.

మేము మాట్లాడుకున్నాం. అలారం అక్కడే ఉంటుంది. ఎదకి వచ్చినప్పుడు మా కొత్త పోతు సేనాపతి దగ్గరికి తీసుకొస్తారు. పుట్టే మొదటి ఆడపిల్ల నాది. వంశం నిలుస్తుంది. నాకు కావలసింది ఆ మేక కాదని, ఆ నడక ఆగిపోకుండా ఉండడమని ఆయన పెరట్లో కూర్చున్నాక తెలిసింది.

ఖాళీ ట్రాలీ చూసి మీ తమ్ముడు "మేకేది?" అన్నారు. "మేక దొరకలేదు గానీ, మీకు బావగారు దొరికేట్టున్నారు" అన్నాను. ఆయన లేచి వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే కొట్టమంతా ఊడ్చారు.

ఈ ఉత్తరం చదివాక మీరేం చేస్తారో నేను చెప్పను. చేశాక మాత్రం నాకు రాయండి, మేక గురించి కాదు.

మీ మరదలు


సెలూన్ పై గది,
నవంబరు 9

మరదలు పిల్లా,

నీ ఉత్తరం వచ్చేసరికి కుర్చీలో ఒకావిడ ఉంది. తలంతా రంగు పూసి, పైన రేకు కాగితాలు చుట్టి ఉన్నాయి. నేను ఉత్తరం చదివి, ఏప్రాన్ కూడా విప్పకుండా బయల్దేరాను. "ఎక్కడికి?" అందావిడ. గడియారాల కొట్టుకి అన్నాను. "నేనూ వస్తాను" అని మెడలో తువ్వాలుతో సహా వెనకాలే వచ్చింది. రెండు వీధులవాళ్ళు చూశారు. చూడనీ.

ఆయన బల్ల దగ్గర ఏదో గడియారం విప్పుకుని కూర్చున్నాడు.

"మీకు గిట్టలు తియ్యడం వచ్చట" అన్నాను.

కంటి అద్దం తీసి బల్లమీద పెట్టాడు. "వచ్చు" అన్నాడు.

"మరి ఈ ఆదివారం నేనెందుకు రావాలి?"

గోడవైపు చూశాడు. గడియారాలన్నీ టిక్కుటిక్కుమంటున్నాయి, ఒక్కటి కూడా సాయం రాలేదు. చివరికి, "ఆదివారం సంగతి కాదండీ. సోమవారం నుంచి శనివారం దాకా కూడా ఉండిపోతారేమో అడుగుదామని జూన్ నుంచి అనుకుంటున్నాను" అన్నాడు.

ఏప్రాన్ జేబులో దువ్వెన ఉంటే తీసి, దాన్నే చూస్తూ నిలబడ్డాను. వెనకనుంచి రేకు కాగితాలావిడ "ఉంటుందండీ, ఉంటుంది" అంది. అప్పుడు నేను తల ఊపాను. ఆయన లేచి వచ్చి, ఏం చెయ్యాలో తెలియక ముందు ఆవిడకి దండం పెట్టాడు. ముగ్గురం నవ్వాం. టీ తాగాం. ఈ హడావిడిలో ఆవిడ జుట్టు రంగు ముదిరి వంకాయ రంగుకి వచ్చేసింది. అద్దంలో చూసుకుని, ఈ రోజుకి ఇదే సరైన రంగు అని మెచ్చుకుని వెళ్ళింది.

నిన్నటి నుంచి అలారం తోక ఊపుకుంటూ వీధంతా అదిరిపోయేలా అరుస్తోంది. ఎదకి వచ్చిందని నాకే అర్థమైంది చూడు, నేనూ మేకలదాన్ని అయిపోయాను. ఈ ఉత్తరం మీ ఊరి బస్సులో ఇచ్చి పంపుతున్నాను, సాయంత్రానికి అందుతుంది. మీ సేనాపతిని సిద్ధంగా ఉండమను. రేపే తీసుకొస్తున్నాం.

ఆ ఆఖరి వాక్యంలో కొట్టివేత ఉంది, చూశావా. ముందు 'తీసుకొస్తున్నాను' అని రాశాను. కొట్టేసి 'తీసుకొస్తున్నాం' అని రాశాను. నీకు కనబడాలనే కాగితం మార్చలేదు.

నీ వదిన